పలక దగ్గర కలిసినవాళ్ళు

గుంటూరు

మిరప యార్డు వైపు నుంచి గాలి మళ్ళినప్పుడు గుంటూరు బస్టాండులో ఎవరు ఊరివాళ్ళో ఎవరు బయటివాళ్ళో తేలిగ్గా చెప్పవచ్చు. బయటివాళ్ళు తుమ్ముతారు. జనవరి చివరలో రాజమండ్రి నుంచి వచ్చి బస్సు దిగిన నేను ఆగకుండా తుమ్ముతుంటే, బజ్జీల బండి దగ్గర నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన "ఏ ఊరండీ మనది?" అని అడిగాడు.

"ఈ జిల్లానే" అన్నాను.

ఆయన నా కళ్ళ వెంట కారుతున్న నీళ్ళు చూసి "అట్టా కనపట్టల్లేదే" అన్నాడు.

నేను చెప్పింది అబద్ధం కాదు. మా తాతగారు ఈ మైదానంలో పేరున్న పాస్టరు. జనం ఆయన్ను పెద్దయ్యగారు అనేవారు. ఆయన నడిపిన మిషనుకు బడి ఉండేది, హాస్టలు ఉండేది, కాన్పుల ఆసుపత్రి ఉండేది. నాన్నగారి కాలంలో కోర్టులు, తగాదాలు వచ్చి ఒక్కొక్కటే పోయాయి. ఆసుపత్రి ఉన్నచోట ఇప్పుడు పురుగుమందుల కొట్టు ఉంది. నా దాకా వచ్చేసరికి మిగిలినవి రెండు. మిషను అధ్యక్షుడు అన్న మాట ఒకటి. సత్తెనపల్లికి కాస్త లోపల, తాతగారి ఊరి చేల మధ్య ఉన్న పొడవాటి రేకుల షెడ్డు ఇంకొకటి. దాని తాళం చెవి నా దగ్గరే ఉంటుంది. పడిపోయిన ఇంటివాళ్ళకు చొక్కా ఇస్త్రీ మీద పట్టింపు ఎక్కువని మా అమ్మ నవ్వేది. నవ్వనివ్వండి. నలిగిన చొక్కాతో నేను ఈ జిల్లాలో ఎప్పుడూ అడుగు పెట్టలేదు.

ఈ ప్రయాణానికి కారణం దీనమ్మ టీచరు చేసిన ఫోను. ఆమె తాతగారి బడిలో చదివి, గవర్నమెంటు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. "బాబూ, షెడ్డు తాళం చెవి పంపించండి. కొరియర్లో పంపినా చాలు" అంది. తాతగారి షెడ్డు తాళం చెవిని కొరియర్లో పంపడమేమిటి? నేనే వస్తానన్నాను.

ఇప్పుడు, తిరిగొచ్చి రాజమండ్రిలో కూర్చుని ఇది రాస్తున్నప్పుడు, కొరియరే నయమనిపిస్తోంది.

బజ్జీ సంగతి కూడా చెప్పి ముందుకు వెళ్తాను. మా గోదావరి వైపు బజ్జీ తిన్నవాడు ఉల్లిపాయ ముక్కలకోసం, నిమ్మకాయ పిండడం కోసం చూస్తాడు. గుంటూరు బండివాడు అలాంటివేమీ ఇవ్వలేదు. కాయలోపల వాము, చింతపండు కూరి, పొగలు కక్కేది చేతిలో పెట్టాడు. మంచినీళ్ళు అడిగితే "నీళ్ళు తాగితే ఇంకా మండిద్దండీ, ఇంకోటి తినండి" అన్నాడు. తిన్నాను. ఈ జిల్లావాణ్ణని చెప్పుకున్నాక తినక తప్పుతుందా?

సత్తెనపల్లి

సత్తెనపల్లిలో బస్సు దిగిన నన్ను తాతగారి ఊళ్ళోకి తీసుకెళ్ళడానికి మస్తాన్ సాహెబు స్కూటరు మీద వచ్చాడు. పత్తి, మిరప కొని యార్డుకు తోలే వ్యాపారి. వాళ్ళ నాన్న తాతగారి బడిలో అక్షరాలు నేర్చుకున్నాడట. స్కూటరు వెనక కూర్చోవడం నాకు అలవాటు లేదు. వీపు నిటారుగా పెట్టి కూర్చుంటే ఆయన అద్దంలో చూసి, "కాస్త వదులుగా కూర్చోండి సార్, గుంట వస్తే ఎగిరిపోతారు" అన్నాడు. గుంట వచ్చింది. ఎగరలేదు గాని నాలుక కొరుక్కున్నాను.

దారిలో ఒక చేను దగ్గర బండి ఆపాడు. మిరప చేను నిండా ఆడవాళ్ళు. కనిగిరి వైపు నుంచి కోతలకు వచ్చిన కూలీలు. ఒక్కో సాలుకు ఇద్దరు చొప్పున, ఇటొకరు అటొకరు ఉండి కోసుకుంటూ పోతున్నారు. గట్టు మీద మాత్రం ఒకామె ఊరికే కూర్చుని ఉంది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

"జొరమూ లేదు, గిరమూ లేదు" అంది మేస్త్రి ఎల్లమ్మ. తలపాగా చుట్టుకున్న గట్టి మనిషి. "దాని జత రాలా. ఒంటి మనిషికి నేను సాలు ఇయ్యను. ఒకవైపే కోసుకుంటా పోతే అవతల కాయ అవతలే ఉంటది. జత దొరికిందాకా గట్టు మీద కూకోవాల్సిందే."

అంతలో గోనెపట్టా నీడలో ఆడుకుంటున్న పిల్లల్లో ఒకతె కెవ్వుమంది. కారపు చేతులతో కళ్ళు నులుముకుంది. తల్లి పరుగున వచ్చింది, వచ్చి ఆగిపోయింది. పొద్దుటి నుంచి మిరపకాయలు కోసిన చేతులు. వాటితో బిడ్డ మొహం ముట్టుకుంటే మంట ఇంకా పెరుగుతుంది. రెండు చేతులూ గాల్లో పెట్టుకుని "అక్కా, అక్కా" అని అరిచింది. గట్టు మీది ఆడమనిషి లేచి వచ్చి, బిందెలో నీళ్ళు తీసుకుని ఆ పిల్ల కళ్ళు కడిగింది. అక్కడున్న అంతమందిలో శుభ్రమైన చేతులు ఆమె ఒక్కదానివే. నావి కూడా శుభ్రంగానే ఉన్నాయి, కాని ఆ సంగతి ఆ క్షణంలో నాకు తోచలేదు.

"ఈ పిల్లల కోసమే బాబూ తాళం చెవి" అంది దీనమ్మ టీచరు, సాయంత్రం షెడ్డు ముందు నిలబడి. తలుపుకు అడ్డంగా పత్తి కట్టె పేర్చి ఉంది. "కోతలన్నాళ్ళూ పిల్లలు చేలోనే పడుంటారు. ఇక్కడ కూచోబెట్టి నాలుగు అక్షరాలు చెప్పి, ఒక పూట అన్నం పెడదామని."

"చుట్టుపక్కల ఇన్ని సంఘాలున్నాయి, ఎవరూ పట్టించుకోవడం లేదా?"

"పట్టించుకోకేం? ఆదివారాన్ని ముగ్గురు పంచుకున్నారు. పొద్దున మన సంఘం వెళ్ళి పాటలు పాడి రొట్టెలు పంచుతుంది. మధ్యాహ్నం పిడుగురాళ్ల వాళ్ళు డ్రమ్ములతో వస్తారు. కూలీలు వచ్చే ఊళ్ళ నుంచి వాళ్ళ వెంటే సింగరాయకొండ వాళ్ళు వస్తారు, సాయంత్రం వాళ్ళది. ఒకే పాట పిల్లలకు మూడు రాగాల్లో వచ్చు. సోమవారం ఎవరిదీ కాదు."

మూడు సంఘాలనూ ఒక్క పనికి కలపాలని ఆమె పట్టు. మా సంఘాల్లో కలిసి సేవ చేసేవాళ్ళను జతపనివారు అంటాం. ప్రసంగాల్లో చాలా వాడే మాట. చేలో ఎల్లమ్మ నోట జత అన్న మాట వినేదాకా, ఆ మాటలో చేను ఉందని నాకు తట్టలేదు.

పిడుగురాళ్ల, సింగరాయకొండ పెద్దలతో ఫోనులో మాట్లాడానని, ఇద్దరూ సరే అన్నారని చెప్పింది దీనమ్మ. ఫోనులో అన్న సరేకి విలువ ఏముంటుంది అన్నాను. పెద్దయ్యగారి మనవడు స్వయంగా వెళ్ళి అడిగితే ఆ లెక్క వేరు. పనిలో పనిగా నా మాట కూడా చెప్పాను. షెడ్డు మీద పెద్దయ్యగారి జ్ఞాపకార్థం అని బోర్డు ఉండాలి. ప్రారంభం రోజు అధ్యక్షత నాది.

"మీ తాతగారు దీనిమీద పేరు రాయించలేదు బాబూ" అంది దీనమ్మ. "రాయిద్దామని మేమంటే, సున్నం వేసినప్పుడల్లా మళ్ళీ రాయాలి, ఎవరికి తీరిక అనేవారు."

"అది ఆయన పెద్దతనం. మన బాధ్యత మనది."

ఆమె వాదించలేదు. బడిలో పాఠం అర్థం కాని పిల్లవాణ్ణి చూసినట్టు చూసి, "కాయ ముదిరింది. వచ్చే వారం నుంచి కోత జోరందుకుంటుంది. తొందరగా తిరిగి రండి" అంది. తాళం చెవి మాత్రం అడగలేదు. నేనూ ఇవ్వలేదు. చొక్కా జేబులో వేసుకుని పిడుగురాళ్ల బస్సెక్కాను.

పిడుగురాళ్ల

గుంటూరులో గాలి ఎర్రన, పిడుగురాళ్లలో తెల్లన. సున్నపు బట్టీల పొడి చెట్ల ఆకుల మీద, టీ కొట్టు బెంచీల మీద, మనుషుల కనుబొమల మీద ఒకేలా పడి ఉంటుంది. టీ తాగి లేచేసరికి నా నల్ల ప్యాంటు వెనక రెండు తెల్ల చంద్రవంకలు. టీ కొట్టాయన "దులపమాకండి సార్, దులిపితే పాకిద్ది. ఊరు దాటాక గాలికి అదే పోద్ది" అన్నాడు. నేను దులిపాను. పాకింది.

అక్కడి సంఘం పాస్టరు యోహాను ఒకప్పుడు బట్టీల్లో పనిచేసినవాడు. రేకుల మందిరం, ముందు పందిరి, పందిరి కింద పెద్ద డ్రమ్ములు. నన్ను చూడగానే రెండు చేతులూ పైకెత్తి "ప్రైజ్ ద లార్డ్ అయ్యగారూ!" అని వీధి వీధంతా వినపడేలా అన్నాడు. మేము నెమ్మదిగా వందనాలు అంటాం. అదే అన్నాను.

"కాస్త గట్టిగా అనండి అయ్యగారూ, దేవుడికి చెవుడు లేదు గాని మా బట్టీల వాళ్ళకు ఉంది" అని నవ్వాడు.

వాళ్ళావిడ జొన్న రొట్టెలు, నాటుకోడి పులుసు పెట్టింది. మా వైపు పులుసులో ఎక్కడో ఒక తీపి తగులుతుంది. ఇక్కడ వెతికినా దొరకదు. నా ముక్కు ఎర్రబడటం చూసి ఆమె గడ్డపెరుగు గిన్నె నా వైపు జరిపింది, ఏమీ అనకుండా. ఆ మర్యాద నాకు నచ్చింది.

యోహాను దగ్గర నేను అనుకున్నంత పని పడలేదు. డ్రమ్ముల విషయంలో మొండికేస్తాడనుకున్నాను. "చదువుకునే పిల్లల దగ్గర డ్రమ్ములెందుకండీ? సాయంత్రం వాళ్ళ అమ్మానాన్నలు వచ్చాక చూసుకుంటాం" అన్నాడు. అన్నం వండటానికి వాళ్ళ సంఘం ఆడవాళ్ళు వంతులు వేసుకుని వస్తారన్నాడు. పాటలు మా సంఘం రాగంలోనే పాడిస్తామన్నాడు. ఆ రాగం నెమ్మదిగా ఉంటుంది కాబట్టి పిల్లలు మధ్యాహ్నం నిద్రపోవడానికి పనికొస్తుందని వాళ్ళావిడ లోపలి నుంచి అంది. అందరూ నవ్వారు. నేనూ కొంచెం నవ్వాను.

అప్పుడు బోర్డు మాట ఎత్తాను.

యోహాను రొట్టె తుంచడం ఆపాడు. "పేరు ఎవరిదైతే నాకేందండీ? కాని ఒక పేరు రాస్తే మావాళ్ళు మన పేరేదీ అంటారు. మా పేరు రాస్తే సింగరాయకొండ వాళ్ళు గడప తొక్కరు. అసలు బోర్డే లేకపోతే తగాదానే లేదు గదా?"

"తగాదా రాకూడదని పెద్దయ్యగారిని మరిచిపోమంటారా?"

"మరిచిపోయినవాళ్ళం అయితే మిమ్మల్ని అన్నానికి పిలుస్తామా అయ్యగారూ?" అన్నాడు. "మీరు బోర్డు కట్టుకుంటే కట్టుకోండి. నేను కాదనను. మా ఆడవాళ్ళు మాత్రం వస్తారో రారో చెప్పలేను."

దాన్ని నేను ఒప్పుకోలు కింద జమ కట్టుకున్నాను. మనకు కావలసిన మాట ముందు సగం విని వెనక సగం వదిలేయడం పెద్ద ఇళ్ళలో పుట్టినవాళ్ళకు చిన్నప్పుడే అలవడుతుంది.

సింగరాయకొండ

హైవే మీద లారీల హోరు, కొండ మీద నరసింహస్వామి గుడి, గుడికి వచ్చేవాళ్ళతో నిండిన టిఫిను హోటళ్ళు. సింగరాయకొండలో బస్సు దిగి అక్కడి సంఘం వాళ్ళ సమాజ మందిరం ఎక్కడని అడిగితే, నుదుట నామం పెట్టుకున్న పూల కొట్టాయన కొట్టు వదిలి వచ్చి సందు మొగ దాకా చూపించాడు. "ఏలియా గారే గదండీ? సైకిలు షాపు. ఆయన పంచరేస్తే మళ్ళీ ఆ చోట పడదు" అన్నాడు.

ఆ సంఘం పెద్ద బ్రదర్ ఏలియా. వాళ్ళది పద్ధతులు గట్టిగా పాటించే సమాజం. పాస్టరు అన్న మాట వాడరు, అందరూ బ్రదరే. మందిరంలో మగవాళ్ళు కుడివైపు, ముసుగేసుకున్న ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద కూర్చున్నారు. ఒంటిమీద పిసరు బంగారం లేదు. గుమ్మం బయట చెప్పులు వరుసగా ఉన్నాయి. నావీ అక్కడే విడిచాను. కుర్చీకోసం చూశాను. లేదు. గోడ పక్కన నిలబడ్డాను.

ప్రార్థన అయ్యాక ఏలియా నన్ను చాప మీదకు పిలిచి, తానూ కూర్చుని సూటిగా అడిగాడు. "బ్రదర్, ఏమనుకోకండి. మీరు నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకున్నారా?"

మా సంఘంలో పసిబిడ్డగా ఉన్నప్పుడే నెత్తి మీద నీళ్ళు చిలకరిస్తారు. నాకు తాతగారే చిలకరించారు. ఆ నీళ్ళు చాలవేమో అని ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు.

"మా తాతగారి చేతి మీదుగా తీసుకున్నాను" అన్నాను.

"అయితే మా బల్ల దగ్గర మీకు చోటు లేదండీ. మా నియమం అది" అన్నాడాయన, కోపం లేకుండా. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనను మేమందరం బల్ల అంటాం. ఒకరి బల్ల దగ్గరకు ఇంకొకరు రానివ్వని సంఘాలు ఈ జిల్లాల్లో చాలా ఉన్నాయి. నా మొహం మారి ఉంటుంది. ఏలియా చెయ్యి నా మోకాలి మీద వేశాడు. "టీచరుగారికి ఫోనులో చెప్పాను, మీకూ చెప్తున్నాను. బల్ల దగ్గర కలవలేం. పలక దగ్గర కలుస్తాం. అక్షరానికి ఏ బాప్తిస్మం కావాలండీ? మా సిస్టర్లు ఇద్దరు వచ్చి చదువు చెప్తారు. నేనూ వస్తాను. షెడ్డులో కుర్చీలు, బెంచీలు విరిగినవి ఉంటే బాగుచేస్తాను."

ఇంతకంటే ఏం కావాలి? ఇప్పుడడిగితే ఇంకేమీ అక్కరలేదనే చెప్తాను. ఆ సాయంత్రం మాత్రం, చిలకరించిన నీళ్ళు చాలవన్న మాట ఒంట్లో ఎక్కడో గుచ్చుకుని ఉంది. "బోర్డు మీద మా తాతగారి పేరుంటుంది" అన్నాను, అవసరమైనదానికంటే గట్టిగా.

"మనిషి పేరు మీద మేము కూడుకోమండి."

"అయితే షెడ్డు తెరవను."

మందిరంలో చాపలు చుడుతున్న ఆడవాళ్ళు చేతులు ఆపారు. ఏలియా తల వంచుకుని చాప అంచు సరిచేశాడు. తర్వాత, "పిల్లలు చేలో ఉన్నారు బ్రదర్" అన్నాడు. అంతే.

లేచాను. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు దూర్చి వెనక్కి చూడకుండా వచ్చేశాను. ఒంగోలు బస్సెక్కి కూర్చున్నాక ఎడమకాలు వదులుగా ఉందని తెలిసింది. రెండూ తోలువే, రెండూ గోధుమ రంగువే. కుడిది నాది. ఎడమది ఎవరిదో, ఒక సైజు పెద్దది. బస్సు ఆపి వెనక్కి వెళ్ళవచ్చు. అలా లేచి వచ్చినవాడు చెప్పుకోసం ఏ మొహంతో వెళ్తాడు?

ఒంగోలు

ఒంగోలు లాడ్జిలో రెండు రోజులు ఉన్నాను. ఉండవలసిన పని ఏమీ లేదు. బస్టాండు దగ్గర మెస్సులో చేపల పులుసు బాగుంది. మా గోదావరి పులుసులా పల్చన కాదు, ముద్దకు పట్టుకునే రకం. మైసూరుపాకు నోట్లో వేసుకోగానే కరిగింది. ఇవన్నీ ఒంటరిగా తిన్నాను. ఫోను మోగుతూనే ఉంది. దీనమ్మ పేరు, ఏలియా పేరు. ఎత్తలేదు. వాళ్ళే దిగివస్తారని అనుకున్నాను.

ఎడమ చెప్పుకు పట్టీ బిగించమని రోడ్డు పక్క చెప్పులు కుట్టేవాడి దగ్గరికి వెళ్ళాను. అతను రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "ఇది జత కాదు గదండీ. దీన్ని బిగిస్తే దాని అసలు మనిషికి పట్టదు, ఆలోచించుకోండి" అన్నాడు. బిగించవద్దన్నాను. కొత్త జత కొనుక్కోవచ్చు. నా చెప్పు నాకు తిరిగి రావాలన్న పట్టుదల కొద్దీ కొనలేదు. రెండు రోజులూ ఒంగోలు వీధుల్లో టపటపమని చప్పుడు చేసుకుంటూ తిరిగాను.

అక్కడే ఫ్లెక్సీల షాపుకు వెళ్ళి తాతగారి ఫోటో ఇచ్చాను. కంప్యూటరు ముందున్నతను ఫోటో తెరమీద పెట్టి, "ఇంకా ఎవరెవరి ఫోటోలు వెయ్యాల సార్?" అన్నాడు.

"ఒక్కరిదే."

"ఒక్కరిదేనా? అందరూ కింద పదిమందివి ఏయిస్తారు. చుట్టూ ఖాళీ ఎక్కువైపోద్ది సార్. రోజాపూలు పెట్టమంటారా?"

"వద్దు."

"పోనీ పావురాలు?"

పావురాలూ వద్దన్నాను. చుట్ట చుట్టి ఇచ్చాడు. దాన్ని చంకన పెట్టుకుని సత్తెనపల్లి దారి పట్టాను. వెళ్ళి ముందు బోర్డు కట్టి, తర్వాత తలుపు తెరిచి, తర్వాత కబురు చేస్తే ఎవరు రాకుండా ఉంటారు? దారి పొడవునా ఇదే లెక్క.

మళ్ళీ సత్తెనపల్లి

షెడ్డు ముందు పత్తి కట్టె అలాగే ఉంది. తాళం అలాగే ఉంది. చేలో కోత జోరుగా సాగుతోంది. గోనెపట్టా నీడలో మాత్రం పిల్లలు లేరు. నీళ్ళ బిందె ఒక్కటే ఉంది.

పిల్లలేరీ అని ఎల్లమ్మను అడిగాను. "ఇంకేడ పిల్లలు? సాహెబు గోడౌనులో ఉండారు. నేనూ కాసేపట్లో అటే పోతున్నా, పొద్దున ఒక పిల్లదాని గిన్నె మర్చిపోయినా" అంది.

మస్తాన్ సాహెబు పత్తి గోడౌను సత్తెనపల్లి శివార్లలో ఉంది. అటు వెళ్ళేవాళ్ళకు గుర్తు చెప్పడానికి దానికి బడి అన్న బోర్డేమీ లేదు. పత్తి కొనబడును అని పాత రంగులో రాసిన గోడ ఉంది. లోపలి నుంచి పిల్లల గొంతులు వినిపిస్తాయి. నేను వెళ్ళేసరికి వాకిట్లో పిడుగురాళ్ల ఆడవాళ్ళు పప్పులో తాళింపు వేస్తున్నారు. లోపల ముసుగు వేసుకున్న సిస్టరు ఒకామె అచ్చులు చెప్తుంటే, పిల్లలు యోహాను గొంతంత గట్టిగా అరుస్తున్నారు. అతను మూల కూర్చుని ఒక చిన్నవాడికి ముక్కు తుడుస్తున్నాడు.

మస్తాన్ నన్ను చూసి ఎదురొచ్చాడు. "రండి సార్, రండి. టీచరమ్మ మీకు ఫోను మీద ఫోను చేసింది. అందకపోయేసరికి నేనే అన్నా, పత్తి ముందే తోలేశాను, గోడౌను ఖాళీగా ఉంది, వాడుకోండమ్మా అని. మీలో మీరు తేల్చుకునేలోగా కాయ ఎండి, తొడిమ తీసి, యార్డుకు కూడా పోయిద్ది." తర్వాత, నేను బాధపడతాననుకున్నాడేమో, గొంతు తగ్గించి, "మా నాన్నకు అక్షరం మీ ఇంట్లోదే గదండీ. తిరిగిచ్చినట్టు అనుకోండి" అన్నాడు.

అప్పుడు ఏలియా బయటికొచ్చాడు. ఆయన కాళ్ళు చూశాను. ఎడమకాలికి నా చెప్పు ఉంది. కాలు పెద్దది కావడం వల్ల మడమ బయటికొచ్చి నేలకు తగులుతోంది.

"మీ చెప్పు మీకంటే ముందొచ్చింది బ్రదర్" అన్నాడు నవ్వుతూ. "కొత్తవి కొందామంటే, మీరెట్టాగూ వస్తారు గదా అని ఆగాను."

ఇద్దరం అక్కడే గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి చెప్పులు మార్చుకున్నాం. ఈ మూడు రోజులూ ఆయన నా చెప్పులో కాలు ఇరికించుకుని, సింగరాయకొండ నుంచి ఇక్కడికి వచ్చి, ఇక్కడే తిరిగాడు. గిన్నె పట్టుకుని వచ్చిన ఎల్లమ్మ మమ్మల్ని చూసి పకపకా నవ్వింది. "చెప్పులకు జత కుదిరింది! ఇంక మనుషులకు కుదరాల. ఏం అయ్యగారూ, సాలు ఇయ్యమంటావా?"

దీనమ్మ టీచరు గుమ్మంలో నిలబడి ఉంది. నా చంకలోని చుట్టను చూసింది. అదేమిటని అడగలేదు. "లోపలికి రండి బాబూ. మీకోసం మొదటి రోజే కుర్చీ తెప్పించాం" అంది.

కుర్చీ ఉంది. గోడౌను మధ్యలో, అందరికీ ఎదురుగా, ఒకటే కుర్చీ. దాని నిండా పలకలు పేర్చి ఉన్నాయి. దీనమ్మ వాటిని తీయబోతుంటే వద్దన్నాను.

"అయితే చాప మీద కూర్చోండి. ఈ వరుసలో చెప్పేవాళ్ళు లేరు. అ, ఆ దిద్దించండి చాలు."

ఆ వరుసలో మొన్న కళ్ళు నులుముకున్న పిల్ల ఉంది. పలక పట్టుకుని నా వంక చూసింది. చాప మీద నేను కూర్చోవడానికి చోటు వదులుతూ పక్కకు జరిగింది. చేతులు శుభ్రంగా ఉన్నాయి, ఆ పిల్లవీ నావీ కూడా.

"బస్సుకు టైమైంది" అన్నాను.

దీనమ్మ తల ఊపింది. ఏలియా గుమ్మం దాకా వచ్చి వందనాలు అన్నాడు, మా పద్ధతిలో, నెమ్మదిగా.

సత్తెనపల్లి నుంచి గుంటూరుకు బస్సు ఎప్పుడంటే అప్పుడు ఉంటుంది. ఆ సంగతి అక్కడ పప్పు కలుపుతున్నవాళ్ళ దగ్గర నుంచి పలక పట్టుకున్న పిల్ల దాకా అందరికీ తెలుసు. బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. ఒక బస్సు వచ్చి వెళ్ళింది. ఇంకొకటి వచ్చింది, కండక్టరు గుంటూరు గుంటూరు అని నా మొహం మీదే అరిచాడు, అదీ వెళ్ళింది. లేచి వెనక్కి నడిస్తే గోడౌను ఎంతో దూరం కాదు. చెప్పులు కూడా సరిగ్గా పట్టాయి. జేబులో తాళం చెవి ఉంది. దాన్ని ఈసారి కూడా ఎవరూ అడగలేదు. ఆ బల్ల మీద ఇంకా చాలామందికి చోటుంది, నేనొక్కణ్ణే ఉన్నాను.